మూసిన తలుపుల ఇల్లు: ఎడ్మండ్ గాస్ ‘ఫాదర్ అండ్ సన్’ గ్రంథంపై ఒక పరిశీలన

బిడ్డలు ధర్మమార్గంలో పెరగాలని కోరని విశ్వాసి ఉండడు. ఈ కోరికలో తప్పు లేదు. పైగా అది తల్లిదండ్రులపై ఉన్న బాధ్యత. కాని ఆ బాధ్యతను నెరవేర్చే నిమిత్తం ఇంటి తలుపులన్నీ మూసివేసి, బయటి గాలి సోకకుండా బిడ్డను పెంచితే ఏమవుతుంది? ఆ బిడ్డ పెద్దవాడైన తర్వాత అతని విశ్వాసం ఏ రూపు దాలుస్తుంది? ఈ ప్రశ్నను గూర్చి ఉపన్యాసాలు చాలా ఉన్నాయి. అనుభవించినవాడు తీరికగా కూర్చుని, ఉన్నది ఉన్నట్లు వ్రాసిన గ్రంథాలు మాత్రం తక్కువ. అట్టి కొద్ది గ్రంథాలలో ‘ఫాదర్ అండ్ సన్’ ఒకటి. మనవారు దీనిని ఒకసారైనా శ్రద్ధగా చదవటం అవసరమని నా అభిప్రాయం.

ఈ గ్రంథం 1907లో లండన్‌లో రచయిత పేరు లేకుండా వెలువడింది. వ్రాసినవాడు ఎడ్మండ్ గాస్ (1849–1928) అనే సంగతి ఎంతోకాలం దాగలేదు. ఆయన అప్పటికే పేరుపొందిన సాహిత్య విమర్శకుడు. 1890లోనే తన తండ్రి జీవితచరిత్రను ప్రచురించాడు. పదిహేడేళ్ళ తర్వాత అదే తండ్రిని గూర్చి మళ్ళీ కలం పట్టవలసి వచ్చింది. మొదటి గ్రంథం తండ్రిని లోకం చూసిన విధంగా చూపింది. రెండవది ఒక పసివాడు చూసిన విధంగా చూపింది.

ఆ ఇల్లు, ఆ సమాజం

తండ్రి ఫిలిప్ హెన్రీ గాస్ (1810–1888) సామాన్యుడు కాదు. ప్రకృతి శాస్త్రజ్ఞుడు. సముద్రపు ఒడ్డున రాళ్ళ మధ్య నీటిగుంటలలో బ్రతికే చిన్న చిన్న జీవులను సూక్ష్మంగా పరిశీలించి, స్వహస్తంతో బొమ్మలు గీసి గ్రంథాలు వ్రాశాడు. సముద్ర జీవులను గాజుతొట్లలో పెంచే పద్ధతి ఇంగ్లండులో ప్రజాదరణ పొందటానికి ఆయన కృషి ఒక ముఖ్య కారణం. తల్లి ఎమిలీ కూడా విద్యావంతురాలు, మత ప్రచార కరపత్రాల రచయిత్రి. ఇద్దరూ ప్లిమత్ బ్రదరన్ అనే క్రైస్తవ సమాజానికి చెందినవారు. పందొమ్మిదవ శతాబ్దపు తొలి భాగంలో ఐర్లండులోను, ఇంగ్లండులోను పుట్టిన ఈ సమాజానికి పురోహితులు లేరు, పండుగలు లేవు. ప్రతి ఆదివారం రొట్టె విరిచే ఆరాధన, గ్రంథంలోని ప్రతి అక్షరంపై అచంచల విశ్వాసం, లోకానికి ఎడంగా ఉండటం వారి మార్గం.

ఈ సమాజం మన తెలుగు నేలకు కొత్తది కాదు. వారి తొలి నాయకులలో ఒకడైన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ మొదట బాగ్దాద్‌లో పనిచేసి, తర్వాత ఇండియాకు వచ్చాడు. ఆయన ప్రోత్సాహంతో 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు తమ కుటుంబాలతో వచ్చి, గోదావరి డెల్టాలో నర్సాపురం ప్రాంతాన స్థిరపడ్డారు. కనుక ఇది ఎక్కడో దూరదేశపు వింత మనుషుల కథ అనుకోనవసరం లేదు. పొరుగువారిని ఎంచటానికి కాక, మన ముఖం మనం చూసుకోవటానికి ఈ కథ అద్దంగా ఉపయోగపడాలి.

ఆ ఇంటిలో కథలు నిషిద్ధం. తల్లికి చిన్నతనంలో కథలు అల్లే నేర్పు పుష్కలంగా ఉండేదట. అది పాపమని ఇంటిలో చదువు చెప్పే ఒక స్త్రీ బోధించింది. అప్పటి నుంచి ఆమె జీవితాంతం ఆ కోరికను అణచుకుంది. తన బిడ్డకు కూడా కల్పిత కథ ఒక్కటి చెప్పలేదు. పసివానికి పక్షుల పేర్లు, మత ప్రచారకుల ప్రయాణాలు తెలుసు గాని, రాకుమారుడు, రాక్షసుడు ఎవరో తెలియదు. తోటి పిల్లలతో ఆటలు లేవు. 1857 ఫిబ్రవరిలో తల్లి రొమ్ము క్యాన్సర్‌తో మరణించింది. బిడ్డను దైవసేవకు అంకితం చేయాలని ఆమె కడపటి కోరిక. ఏడేళ్ళ బాలునిపై ఆనాడే ఆ భారం పడింది. తర్వాత తండ్రీకొడుకులు డెవన్ తీరంలోని సెయింట్ మేరీచర్చ్ గ్రామానికి వెళ్ళిపోయారు.

అదే సంవత్సరం తండ్రి ‘ఓంఫలోస్’ అనే గ్రంథం ప్రచురించాడు. భూమి అతి ప్రాచీనమైనదని శిలలు చెబుతున్నాయి. గ్రంథం మరొక విధంగా చెబుతున్నదని ఆయన నమ్మకం. ఈ రెంటినీ కలపటానికి, దేవుడు లోకాన్ని సృష్టించినప్పుడే దానికి వయస్సు మళ్ళిన గుర్తులు కూడా పెట్టి సృష్టించాడని ఆయన వాదించాడు. శాస్త్రజ్ఞులు ఒప్పలేదు, విశ్వాసులూ ఒప్పలేదు. ఆ అవమానం తండ్రిని మరింత లోపలికి నెట్టింది. మూసిన తలుపులకు గడియ కూడా పడింది.

పసివాని నాలుగు పరీక్షలు

గ్రంథంలోని సంఘటనలన్నీ ఇక్కడ చెప్పటం సాధ్యం కాదు. విషయం బోధపడటానికి నాలుగు చాలు.

మొదటిది: ఒకనాడు తండ్రి ఏదో ఒక సంగతిని తల్లికి పొరపాటుగా చెప్పాడు. అసలు జరిగినదేమిటో బాలునికి తెలుసు. మనకిది చాలా చిన్న విషయం. కాని తండ్రికి తెలియనిది ఉండదని నమ్మిన ఆ పసివానికి పిడుగుపాటు వంటిది. కొద్దికాలానికి తోటలోని నీటి గొట్టానికి అతడు రంధ్రం చేశాడు. తండ్రి ఆ నేరం పనివారిపై మోపాడు. తన రహస్యం తనకు తప్ప మరెవరికీ తెలియదని ఆనాడు బాలుడు గ్రహించాడు. తనలో తనతో మాట్లాడే మరొకడు ఉన్నాడని కనుగొన్నాడు. ఆ రెండవవాడే జీవితాంతం అతని తోడు అయ్యాడు.

రెండవది: విగ్రహారాధన చేసినవారిపై దేవుడు తీవ్రంగా ఆగ్రహిస్తాడని తండ్రి బోధించాడు. బాలుడు ఒకనాడు కుర్చీని బల్లపై పెట్టి, దానికి మోకరిల్లి ప్రార్థించాడు. ఏమవుతుందోనని భయంతో ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. ఇక్కడ గాస్ చూపిన సూక్ష్మత గమనించదగినది. దేవుడు లేడని బాలుడు అనుకోలేదు. దేవుడు ఏమి చేస్తాడో తండ్రికి నిజంగా తెలియదని మాత్రమే అనుకున్నాడు.

మూడవది: పదేళ్ళ వయస్సులో, పెద్దలకు మాత్రమే ఇచ్చే బాప్తిస్మం అతనికి ఇచ్చారు. సమాజపు పెద్దలు పరీక్షించారు, అతడు చక్కగా సమాధానాలు చెప్పాడు, అందరూ ఆశ్చర్యపడ్డారు. ఆ తర్వాత ఆ చిన్న భక్తుడు చేసినదేమిటి? ఆరాధన మధ్యలో తోటి పిల్లలకు నాలుక చాపి వెక్కిరించాడు. తాను పుణ్యాత్ముల వరుసలో చేరాడని, వారు చేరలేదని గుర్తుచేయటానికి!

నాలుగవది: పొరుగింటివారు విందుకు పిలిచారు. వెళ్ళవచ్చునా, కూడదా అని దేవుణ్ణే అడుగుదామని తండ్రి అన్నాడు. ఇద్దరూ మోకరిల్లారు. దేవుడు వద్దంటాడని తండ్రికి ముందే నిశ్చయం. లేచిన తర్వాత సమాధానమేమని అడిగాడు. వెళ్ళవచ్చునని ప్రభువు చెప్పాడని బాలుడు జవాబిచ్చాడు. తండ్రి నోట మాట రాలేదు. చదివేవారికి నవ్వు వస్తుంది. కాని ఆ నవ్వు వెనుక ఉన్నది ఏమిటి? దైవ సమాధానం పేరుతో తండ్రి తన ఇష్టాన్నే వినిపిస్తున్నాడని కొడుకు కనిపెట్టాడు. తానూ అదే పని చేశాడు.

నష్టం ఎక్కడ జరిగింది?

ఈ గ్రంథాన్ని రెండు విధాలుగా చదివేవారున్నారు. మతం పిల్లల మనస్సులను చెరుస్తుందనటానికి ఇదే సాక్ష్యమని కొందరంటారు. కన్నతండ్రిని లోకం ముందు నిలబెట్టిన కృతఘ్నుని రచన అని మరికొందరంటారు. నా దృష్టిలో ఈ రెండు పఠనాలూ తొందరపాటు పఠనాలే.

ఆ ఇంటిలో ప్రేమ లేకపోలేదు.  సముద్రపు ఒడ్డున ఇద్దరూ మోకాలిలోతు నీటిలో నిలబడి గంటల తరబడి జీవులను వెతికిన ఘట్టాలు గ్రంథంలోకెల్లా అందమైనవి. విశ్వాసం కూడా బూటకం కాదు. తండ్రి నమ్మినది నిజాయితీగా నమ్మాడు, నమ్మినట్లే జీవించాడు. మరి లోపం ఎక్కడ?

దేవుని స్థానంలో తండ్రి నిలబడటమే మొదటి లోపం. తండ్రి అభిప్రాయం, దైవాజ్ఞ అనే రెండు వేర్వేరు విషయాలు ఆ ఇంటిలో ఒకటైపోయాయి. అందువలన తండ్రి పొరబడిన ప్రతిసారీ దేవుడు పొరబడినట్లయింది. తండ్రి ముందు తల వంచకుండా దేవుని ముందు తల వంచే మార్గం ఆ కుర్రవానికి మిగలలేదు.

ప్రశ్నకు చోటు లేకపోవటం రెండవ లోపం. కుర్చీకి మ్రొక్కిన బాలుడు తన సందేహాన్ని తండ్రితో చెప్పగలిగి ఉంటే ఆ సంగతి అక్కడితో ముగిసేది. చెప్పలేకపోయాడు. చెప్పని సందేహం లోపల వేరు పట్టింది.

వయస్సుకు మించిన భక్తిని కోరటం మూడవ లోపం. పదేళ్ళ పిల్లవాడు పెద్దల మాటలు అప్పగించగలడు. అప్పగించిన మాట అనుభవించిన మాట కాదు. పెద్దలు మెచ్చుకున్న కొద్దీ పిల్లవాడు నటన నేర్చుకుంటాడు. నాలుక చాపి వెక్కిరించిన ఆ అహంకారం ఎక్కడి నుంచి వచ్చింది? లోకం నుంచి రాలేదు. లోకాన్ని ఆ ఇంటిలోకి రానివ్వలేదు కదా! అది మూసిన తలుపుల లోపలే పుట్టింది.

ఎడతెగని విచారణ నాలుగవది. గాస్ పదిహేడేళ్ళకు లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగంలో ప్రవేశించిన తర్వాత కూడా తండ్రి ఉత్తరాలు ఆగలేదు. ఉత్తరం నిండా ఆత్మ స్థితిని గూర్చిన ప్రశ్నలే. జవాబు వ్రాయాలంటే అబద్ధం చెప్పాలి, లేదా తండ్రి గుండె కోయాలి. గ్రంథం ఈ సంకటంతోనే ముగుస్తుంది. తన అంతరంగ జీవితాన్ని తానే తీర్చిదిద్దుకునే హక్కును ఆ యువకుడు తీసుకున్నాడు. ఇద్దరికీ మధ్య మార్గం ఏదీ లేకుండా పోయింది.

గ్రంథంలోని లోపాలు

గాస్ తన ముందుమాటలో ఈ గ్రంథం కల్పన కాదనీ, జరిగినది జరిగినట్లు చెప్పే పత్రమనీ అంటాడు. ఈ మాటను మనం యథాతథంగా స్వీకరించనవసరం లేదు. యాభై ఏళ్ళ నాటి సంభాషణలు ఎవరికి అక్షరాలా జ్ఞాపకముంటాయి? పైగా వివరాలలో గాస్ అజాగ్రత్తపరుడనే అపవాదు పాతదే. 1886లో చర్టన్ కాలిన్స్ అనే విమర్శకుడు ఆయన సాహిత్య గ్రంథమొకదానిలోని తప్పులను బహిరంగంగా ఏకరువు పెట్టాడు. ఆన్ త్వైట్ అనే రచయిత్రి 1984లో కొడుకు జీవితచరిత్రను, 2002లో తండ్రి జీవితచరిత్రను వ్రాసింది. తండ్రి కొడుకు చిత్రించినంత కఠినుడు కాడని, ఆ ఇంటిలో నవ్వులు, ఆప్యాయత ఎక్కువగానే ఉండేవని ఆమె చూపింది.

ఇది మనం గుర్తుంచుకోవలసిన విషయం. అయినా గ్రంథం విలువ దీనితో పోదు. పిల్లవాడు ఏది జ్ఞాపకం ఉంచుకున్నాడు, దానిని ఎట్లా జ్ఞాపకం ఉంచుకున్నాడు అనేది కూడా ఒక సాక్ష్యమే. తండ్రి నిజంగా మృదువైనవాడే అయి ఉండవచ్చు. ఆ మృదుత్వం కొడుకు మనస్సులో నిలవక, విచారణ మాత్రమే నిలిచింది. తల్లిదండ్రులకు ఇది మరింత భయం కలిగించవలసిన సంగతి.

రెండవ లోపం ఇంకా పెద్దది. చివరి పుటలలో గాస్ తన ఇంటి అనుభవాన్ని పట్టుకుని, నిష్ఠగల మతమంతా మానవ జీవితానికి శత్రువన్నట్లు తీర్పు చెబుతాడు. ఒక ఇంటి గడియను చూసి లోకంలోని తలుపులన్నీ మూసి ఉన్నాయనటం వంటిది ఇది. పైగా ఆ ఇల్లు తనకు ఇచ్చినదానిని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. సూక్ష్మంగా చూసే చూపు తండ్రి దగ్గర నేర్చినదే. గంభీరమైన వాక్య నిర్మాణం చిన్ననాడు గంటలకొద్దీ చదివిన మతగ్రంథం నుంచి వచ్చినదే. తండ్రిని విమర్శించే గ్రంథాన్ని కొడుకు తండ్రి ఇచ్చిన కలంతోనే వ్రాశాడు.

ఈ సందర్భంలో మన హైదరాబాదుకు సంబంధించిన ఒక విషయం చెప్పాలి. సరోజినీ దేవి యువతిగా ఇంగ్లండులో ఉన్నప్పుడు తన కవితలను గాస్‌కు చూపింది. అవి ఆంగ్ల కవులకు చక్కని అనుకరణలు. వాటిని పక్కన పెట్టి, తన దేశపు పూలను, పక్షులను, మనుషులను గూర్చి వ్రాయమని ఆయన సలహా ఇచ్చాడు. ఆమె 1905లో ‘గోల్డెన్ త్రెషోల్డ్’ను ఆయనకే అంకితం చేసింది. 1912 నాటి ‘బర్డ్ ఆఫ్ టైమ్’కు ఆయన పీఠిక వ్రాశాడు. ఇతరుల మాటలు అప్పగిస్తూ పెరిగిన బాలుడు, అప్పగించే మాటకు, సొంత మాటకు గల తేడా ఎంత బాగా ఎరుగునో ఈ ఒక్క సలహా చెబుతున్నది.

మన పెద్దలు చూపిన దారి

ఇదంతా చదివి, మన దగ్గర ఇట్టి బాధ లేదని సంతోషించేవారు ఒక్క క్షణం ఆగాలి. ఈ బాధను మన పెద్దలు గాస్‌కు చాలా ముందే గుర్తించారు. ఇమామ్ గజాలీ (1058–1111) తన ఆత్మకథ వంటి ‘అల్ మున్‌ఖిజ్’లో చెప్పిన విషయం చూడండి. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లిముల పిల్లలు ముస్లిములుగా పెరగటం చూసి, కేవలం తల్లిదండ్రులను అనుసరించటంతో వచ్చే విశ్వాసాన్ని ఆయన ప్రశ్నించుకున్నాడు. ప్రతి శిశువూ సహజ స్వభావంపైనే పుడుతుందన్న దైవప్రవక్త (స) బోధ ఆయనను ఆ అన్వేషణకు పురికొల్పింది. సందేహం ఆయనను ధర్మం నుంచి బయటకు తీసుకుపోలేదు, లోతులకు తీసుకుపోయింది. గాస్‌కు, గజాలీకి తేడా సందేహంలో లేదు. గజాలీ తన సందేహాన్ని చివరి వరకు నడిపించి, దానిని గ్రంథస్థం చేయగలిగాడు. గాస్ బాల్యంలో తన సందేహాన్ని దాచుకున్నాడు.

అదే గజాలీ ‘ఇహ్యా’లో పిల్లల శిక్షణను గూర్చి వ్రాస్తూ, చదువు తర్వాత పిల్లలను ఆడుకోనివ్వాలని, ఆట మాన్పించి ఎప్పుడూ చదువుతోనే బాధిస్తే పసి హృదయం చచ్చిపోతుందని హెచ్చరించాడు. ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) ‘ముఖద్దిమా’లో ఒక అధ్యాయమే ఇందుకు కేటాయించాడు. కాఠిన్యంతో పెరిగిన పిల్లవాడు శిక్షకు భయపడి అబద్ధం నేర్చుకుంటాడని, లోపల ఉన్నది ఒకటి, పైకి చూపేది మరొకటి అవుతుందని, చివరికి అదే అతని స్వభావమవుతుందని వివరించాడు. గాస్ కనుగొన్న ‘రెండవవాడు’ ఎవరో ఇబ్న్ ఖల్దూన్ అయిదు శతాబ్దాల ముందే చెప్పాడు.

ఇక దైవప్రవక్త (స) ఆచరణ మన ముందున్నది. అబూ ఉమైర్ అనే పసివాని పెంపుడు పిట్ట చనిపోతే, ఆయన ఆ పిట్టను గూర్చి ఆ పిల్లవాణ్ణి ముద్దుగా పలకరించారు. పదేళ్ళు సేవచేసిన హజ్రత్ అనస్ (రజి) ఆయన నోట విసుగు మాట ఒక్కటి వినలేదు. ఒక యువకుడు సభలో నిలిచి ఘోరమైన పాపానికి అనుమతి అడిగాడు. అక్కడివారు గద్దించారు. ఆయన మాత్రం దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకుని, నీ తల్లికి ఇట్టిది జరగటం నీకు ఇష్టమా అని అడిగి, ఆలోచింపజేసి, అతని కొరకు ప్రార్థించారు. అడగరాని ప్రశ్న అడిగినవానికి కూడా ఆ సభలో చోటు ఉండేది.

దివ్య ఖుర్ఆన్ లుఖ్మాన్ సూరాలో తండ్రి కొడుకుకు చేసిన హితబోధ ఉంది. ఆ బోధ మధ్యలోనే, తల్లిదండ్రులు బహుదైవారాధనకు బలవంతపెడితే వారి మాట వినరాదని, అయినా ఇహలోకంలో వారితో మంచిగా మెలగాలని ఆజ్ఞ వస్తుంది (31:15). తండ్రి మాటకు, దైవాజ్ఞకు మధ్య గీత ఇంతకంటె స్పష్టంగా గీయటం సాధ్యమా? విశ్వాసంలో విభేదం వచ్చినా బంధం తెగకూడదనే ఆ మధ్య మార్గమే గాస్ ఇంటిలో తండ్రికీ కొడుకుకూ దొరకలేదు.

మన ఇళ్ళు

అల్పసంఖ్యాకులుగా జీవించేవారికి తలుపులు మూసుకోవాలనే కోరిక ఊరకే పుట్టదు. అవమానాలు, భయాలు, అల్లర్ల జ్ఞాపకాలు దాని వెనుక ఉంటాయి. బిడ్డ భాష పోతుందేమో, నమాజు పోతుందేమో అనే తల్లి భయాన్ని తేలికగా తీసివేయటం న్యాయం కాదు. ఫిలిప్ గాస్ తన ఇష్టంతో లోకానికి దూరమయ్యాడు. మనవారిలో చాలామందిని లోకమే దూరంగా నెట్టింది. ఈ తేడా ఒప్పుకోవాలి.

కాని ఎవరు మూసినా, మూసిన గదిలో పెరిగే పిల్లవాని ఊపిరి ఒకటే. మన ఇళ్ళలో పిల్లవాడు తక్దీర్‌ను గూర్చి, నరకాన్ని గూర్చి, పొరుగింటి హిందూ మిత్రుని గతిని గూర్చి అడిగినప్పుడు మనం చేసే పని ఏమిటి? తౌబా, తౌబా అని నోరు మూయిస్తున్నాము. ఖుర్ఆన్ కంఠస్థం చేసిన బాలుణ్ణి సభలో నిలబెట్టి మెచ్చుకుంటున్నాము, ఆ రాత్రి అతడు ఏమి ఆలోచిస్తూ నిద్రపోయాడో అడగటం లేదు. మన కోపాన్ని దైవాగ్రహమని, మన ఊరి ఆచారాన్ని షరీఅత్ అని చెబుతున్నాము. ఆ పిల్లవాడే పై చదువుకు పట్నం వెళ్ళి, రెండేళ్ళకు తిరిగి వచ్చి, ఇంట్లో ఒక మనిషిగా, బయట మరొక మనిషిగా మెలగుతుంటే, చెడు సావాసమే కారణమని తీర్మానిస్తున్నాము. ఆ రెండవ మనిషిని మన ఇంటిలోనే, మనమే పెంచామని గ్రహించటం లేదు.

కనుక ఈ గ్రంథం నుంచి మతాన్ని వదలుకోవాలనే పాఠం కాక, మతానికి అడ్డుగా నిలిచిన మనల్ని మనం కొంచెం పక్కకు జరుపుకోవాలనే పాఠం తీసుకోవాలి. మనం పొరబడినప్పుడు, నేను పొరబడ్డాను, అల్లాహ్ పొరబడడు అని బిడ్డతో చెప్పగలగాలి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని ఒప్పుకుని, తెలిసినవారి వద్దకు బిడ్డను వెంటబెట్టుకుని పోవాలి. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) అంతటి ప్రవక్త, దైవాదేశం వచ్చిన తర్వాత కూడా, నీ అభిప్రాయం ఏమిటని కుమారుణ్ణి అడిగారు (37:102). అడిగించుకున్న కొడుకు తన నోటితో, తన మనస్సుతో సమాధానం చెప్పాడు. డెవన్ తీరంలో మోకరిల్లిన ఆ తండ్రి కూడా అడిగాడు. కాని రావలసిన సమాధానాన్ని ముందే నిర్ణయించి అడిగాడు.

మన ఇంటిలో ఈ రాత్రి భోజనం దగ్గర బిడ్డ ఒక ప్రశ్న అడిగితే, మనం ఈ ఇద్దరిలో ఏ తండ్రి వలె వింటామో ఆలోచించాలి. అల్లాహ్ మనకు వినే చెవులను, మృదువైన మాటను ప్రసాదించుగాక! ఆమీన్.